కదలని సినిమాకు నూరు శాతం హాజరు

2006లో విజయవాడలోని ఒక చేపల రైతుల శిక్షణ కేంద్రంలో కంప్యూటర్లన్నిటికీ విండోస్ బదులు లినక్స్ వేశారు. పైసా ఖర్చు లేనిదీ, ఎవరికీ అర్థం కానిదీ కాబట్టి అన్ని విధాలా ఆఫీసు వాడకానికి తగినదేనని కమిటీ తేల్చింది.

అప్పటికి కైకలూరులో పోతురాజనే రైతు చెరువు నిండా ఎర్రపుండ్ల రోగం. రోజుకో తట్ట చేపలు తేలుతున్నాయి. దాని మందేమిటో చెప్పే సినిమా వెబ్‌సైటులో ఉందని, కేంద్రానికొచ్చి చూసి సంతకం పెట్టినవారికే ఈ ఏడు చేపపిల్లలిస్తారని కబురొస్తే, తెల్లారగట్ల బస్సెక్కి వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు.

కార్యదర్శి వెంకటసుబ్బారావు గారు మానిటర్‌కు బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టి, మౌస్ నొక్కారు. తెర మీద బూడిదరంగు పెట్టె వచ్చింది. సినిమా ఆడాలంటే ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాం వేయాలని దాని మీద ఇంగ్లీషులో రాసుంది. ఉత్తర్వులో నలభై నిమిషాలని ఉంది గనుక నలభైమంది రైతులూ నలభై నిమిషాలు ఆ పెట్టెనే చూశారు. మధ్యలో టీకి లేచినవారికి కథేమీ తప్పిపోలేదు.

"బొమ్మ కదలట్లేదండీ," అన్నాడు పోతురాజు.

"మీరు మాత్రం కదలకండి, సంతకాలున్నాయి," అన్నారు కార్యదర్శి గారు. "ఈ చిత్రరాజంతో డెల్టా మత్స్యరంగం కొత్త పుంతలు తొక్కుతుందని సవినయంగా మనవి చేస్తున్నాను!"

చప్పట్లు మోగాయి. 'చూచితిమి, మిక్కిలి ప్రయోజనకరము' అని ముప్పైతొమ్మిది మంది సంతకాలు చేశారు.

"చూడందే ఎట్టా పెడతానండీ?" అన్నాడు పోతురాజు.

"చూడ్డానికీ సంతకానికీ లంకేంటి బావా?" అని పక్కనున్న వెంకటప్పయ్య జాలిపడ్డాడు.

పోతురాజు తిన్నగా బెంజ్ సర్కిల్‌లో ఏసుపాదం నెట్ సెంటర్‌కు పోయాడు. అక్కడా లినక్సే. ఏసుపాదం తెర మీదున్నది చదివాడు. ఆఫీసులో ఎవరికీ తట్టని పని అదొక్కటే. ప్లగిన్ వేస్తే మొదట బొమ్మొచ్చింది, ఇంకో అరగంట కుస్తీ పట్టాక మాటొచ్చింది. సున్నం ఎప్పుడు, ఎంత చల్లాలో విని పోతురాజు అట్లాగే చేశాడు. పదిహేను రోజులకు చేపలు తేరుకున్నాయి. అతని సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

ఆ ఊపులో, సినిమా చూసినట్టు సర్టిఫికెట్ ఇమ్మని అడగడానికి కేంద్రానికి పోయాడు.

"మీరు చూసిందాంట్లో బొమ్మలు కదిలాయంటున్నారు," అన్నారు కార్యదర్శి గారు విచారంగా. "మేం చూపించింది అది కాదండీ."

ఆ ఏడు చేపపిల్లలు ముప్పైతొమ్మిది మందికే అందాయి.

మరుసటేడు రొయ్యల మీద సినిమా. ఈసారి పోతురాజు కొబ్బరికాయ కొట్టకముందే 'మిక్కిలి ప్రయోజనకరము' అని సంతకం గీకేసి, ఆటో ఎక్కి నెట్ సెంటర్‌కు పరుగెత్తాడు. మెట్ల దాకా వరుస. ముప్పైతొమ్మిది మందీ అంతకుముందే సంతకాలు గీకేసి వచ్చి నిలబడ్డారు. లోపల మొదటి కుర్చీలో, సొంతానికి రొయ్యల చెరువు కౌలుకు తీసుకున్న కార్యదర్శి గారు, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని శ్రద్ధగా నోట్సు రాసుకుంటున్నారు.