జేబు కోయగా మిగిలిన చొక్కా

ఈ సంవత్సరం నుంచి చొక్కా అనే వస్తువు ఫోను పరిశ్రమకు అనుబంధ శాఖగా గుర్తింపు పొందిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. చొక్కా తొడుక్కునే అలవాటున్నవారందరికీ అభినందనలు. ఇన్నాళ్లూ మీరు ఒళ్లు కప్పుకుంటున్నామనే అనుకున్నారు. అందులో మీ తప్పేమీ లేదు, మీకెవరూ చెప్పలేదు.

ఫోన్లు తయారుచేసే ఒక మహా సంస్థ ఏటా తన ఫోనును కొంచెం కొంచెం పొడుగు చేస్తూ వచ్చింది. ఎందుకని ఎవరూ అడగలేదు. కిందటేడు కొన్నది అప్పటికే పొట్టిగా కనబడుతుంటే అడిగే తీరికెక్కడిది? నాలుగేళ్లలో ఫోను అరచెయ్యి దాటి ముంజేతి దాకా పాకింది, జేబులో పట్టడం మానేసింది. సంస్థ పెద్దలు సమావేశమై, లోతుగా చర్చించి, లోపం జేబులోనే ఉందని తేల్చారు. వెంటనే దర్జీలందరినీ ‘వ్యూహాత్మక భాగస్వాములు’గా ప్రకటించారు. దర్జీలు దరఖాస్తేమీ పెట్టుకోలేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడేటప్పుడు మంగలాన్ని అడిగి పడదు.

అలా గౌరవం పొందినవారిలో బస్సు డిపో ఎదుటి సందులో కొట్టు నడిపే టైలర్ మాస్టారు ఒకరు. కొట్లో రెండు మిషన్లు. ఒకటి ఆయనది, రెండోది ఆయన భార్యది. మూడేళ్లకోసారి డిపో కండక్టర్లకు మూడు వందల చొక్కాలు కుట్టే పని వీళ్లకే వస్తుంది. కొట్టు నిలబడింది ఆ పని మీదే. డిపోవాళ్లు ఒక్కసారి చొక్కాలు తిప్పి పంపారంటే ఇక తలుపులు తెరవాల్సిన పనుండదు. ఈ సంగతి సందులో అందరికీ తెలుసు. అందుకే అందరూ ఆయనకు ఉదారంగా ధైర్యం చెబుతుంటారు.

మాస్టారు డిపో గుడ్డను బల్ల మీద పరుస్తుండగా సంస్థ ప్రతినిధి వేంచేశాడు. నిలబడే ఉపన్యసించాడు.

“భాగస్వామి మిత్రమా! రాబోయే మా ఫోను పదకొండంగుళాల పొడవు, ఏడంగుళాల వెడల్పు. లోకంలో ఇంకెవరికీ చెప్పలేదు, మిమ్మల్ని నమ్మి చెబుతున్నాం. రేపటి మనిషి జేబు నుంచే మొదలవుతాడు!”

ఈ రహస్యాన్నే పక్క కొట్టు దర్జీకీ అంతే నమ్మి చెప్పాడని తర్వాత తెలిసింది.

మాస్టారు కళ్లద్దాలు సర్దుకున్నారు. “బానే ఉంది సార్. కానీ జేబు వెనకాల ఛాతీ అని ఒకటుంటుంది కదండీ. అది అంతుండదు.”

“ఛాతీ పాత ఆలోచన మాస్టారూ,” అన్నాడు ప్రతినిధి జాలిగా.

కాజా కుడుతున్న భార్య తలెత్తకుండానే అంది: “ఈయనది కూడా ఏమన్నా మారుస్తారేమో అడగండి. ఇరవయ్యేళ్లుగా ఛాతీని ముందుకు రమ్మంటుంటే పొట్టొస్తోంది.”

ప్రతినిధి పెద్దమనిషిలా నవ్వి, అద్దం కట్టిన భాగస్వామ్య పత్రం ఒకటి బహూకరించి, మేకు ఎక్కడ కొట్టాలో గోడ మీద చూపించి వెళ్లాడు. మేకు భాగస్వామే తెచ్చుకోవాలి.

దర్జీ పనిలో ఒక వరుస ఉంది. ముందు వీపు, రొమ్ము, తర్వాత చేతులు, కాలరు. ఇవన్నీ కోశాక మిగిలిన ముక్కలో వచ్చేది జేబు. డిపోవాళ్లది కొలిచి ఇచ్చిన గుడ్డ, జానెడు కూడా ఎక్కువుండదు. పదకొండంగుళాల జేబు ఏ ముక్కలోనూ రాదు. మాస్టారు రెండు రోజులు సుద్దముక్క పట్టుకుని బల్ల చుట్టూ ప్రదక్షిణలు చేశారు. మూడో రోజు ముందు జేబు గీశారు.

“అదేంటండీ! జేబు ముందు కోస్తే చొక్కా దేంట్లో వస్తుంది?” అంది భార్య.

“మిగిలినదాంట్లో. అంత పెద్ద కంపెనీవాడు ఊరికే చెప్తాడా? రేపు ఫోను పట్టలేదని డిపోవాళ్లు తిప్పి పంపితే?”

“మరి మనిషి పట్టకపోతే?”

“మనిషి సర్దుకుంటాడే. ఫోను సర్దుకోదు.”

ఇంత గొప్ప సత్యాన్ని ఏ విశ్వవిద్యాలయమూ ఇంతవరకు కనిపెట్టలేకపోయింది.

నలభై పొరలు ఒకదాని మీద ఒకటి పరిచి, పొరపొరకీ జేబులు కోశారు. జేబులు దివ్యంగా వచ్చాయి. వాటికోసం మొదట కాలరు పోయింది. తర్వాత చేతులు మోచేతికి నాలుగు వేళ్లు పైకి వెళ్లాయి. చొక్కా అంచు బెల్టును అందుకోలేక బొడ్డు దగ్గరే ఆగిపోయింది. జేబు మాత్రం భుజం కింద మొదలై అంచు దాకా హుందాగా వేలాడింది.

చొక్కాలు అప్పగించడానికి ముందు రోజు సంస్థ తన కొత్త ఫోనును లోకానికి చూపించింది. అది నాలుగు మడతలు పడి అగ్గిపెట్టంత అవుతుంది. “చిన్నదే అందం! పెద్ద జేబుల కాలం చెల్లింది!” అని సంస్థ అధిపతి ప్రకటించగా సభ అంతా లేచి చప్పట్లు కొట్టింది. ఏరు దాటి తెప్ప తగలేశారని గిట్టనివాళ్లు అంటారు. సంస్థలో దాన్ని దూరదృష్టి అంటారు.

మాస్టారు ప్రతినిధికి ఫోను చేశారు.

“వ్యూహం మారింది గానీ మన స్నేహం మారలేదు మాస్టారూ! కొత్త జేబు కొలత పంపిస్తాం.”

“నేను కుట్టేశాను సార్! మూడొందలు!”

“అద్భుతం! ఈ ఉత్సాహమే మాకు కావాల్సింది!”

వేరే గుడ్డ లేదు, వ్యవధీ లేదు. మర్నాడు మాస్టారు మూటలతో డిపో మేనేజరు గదిలో నిలబడ్డారు, కొట్టుకు తాళం వేయడానికి సిద్ధపడి. మేనేజరు అగ్గిపెట్టె ఫోను బుక్ చేసుకునే పనిలో ఉన్నాడు.

“ఒకసారి చూస్తారా సార్?”

“ఆఁ ఆఁ, బాగున్నాయ్, బాగున్నాయ్,” అంటూ తెర మీంచి చూపు తీయకుండానే సంతకం పెట్టేశాడు.

కండక్టర్ల మెడకు ఎండ, నడుముకు గాలి తగిలాయి. ఇది కొత్త ఫ్యాషనని ఒకడు ఫోనులో చదివి చెప్పడంతో అందరూ ఊరట పొందారు.

మాస్టారుకు మాత్రం నమ్మకం కుదర్లేదు. జనం ఫిర్యాదు చేస్తారని వారం రోజులు బస్సుల్లోనే తిరిగారు. ఎవరూ తల ఎత్తలేదు. ఉండబట్టలేక, అప్పుడే టికెట్టు తీసుకున్న ఒకాయన్ని గోకి, “బాబూ, ఆ కండక్టరు చొక్కా చూశారా?” అనడిగారు.

ఆయన ఫోనులోంచి అన్నాడు: “ఏ కండక్టరు?”

“పోనీలెండి, కొట్టు నిలిచింది కదా,” అంది భార్య ఇంటికొచ్చాక.

“నిలిచింది,” అన్నారు మాస్టారు. “ముప్పయ్యేళ్లు కాలరు మొన తీర్చడానికి ప్రాణం పెట్టాను. ఎవరు చూడాలనంటావ్?”

ఆవిడ సూదిలో దారం ఎక్కించుకుంది.

పాఠక మహాశయులు మాస్టారు మీద జాలి పడనక్కర్లేదు. మీరూ ఆ బస్సుల్లో తిరుగుతున్నవాళ్లే. టికెట్టు తీసుకున్నారు, చిల్లర కూడా అడిగి తీసుకున్నారు. ఆ చొక్కా ఏ రంగో చెప్పండి చూద్దాం.