నేలవేము బీడీలు

ఆ రోజు పదకొండింటికల్లా లలిత నేలవేము పొడి పట్టుకుని కాలేజీకి వెళ్లాలి. గాజు పళ్లేల్లో పెంచిన క్రిములు ఆ ఆకు రసానికి చస్తాయో లేదో చూసి రాస్తేనే ఆఖరి ఏడు పాసవుతుంది. మొక్కల కోసం మేనమామ సిరిసిల్ల చుట్టుపక్కల గట్లన్నీ తిరిగి ఏరి పంపాడు. లలిత వాటిని నీడలో ఎండబెట్టి, దంచి, జల్లించి, రాత్రి ఖాళీగా కనబడ్డ డబ్బాలో పోసింది. అది వాళ్లమ్మ బాలమణి తంబాకు డబ్బా.

బాలమణికి జలుబు చేసి ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. పొద్దున్నే, కూతురు లేవకముందే, నిండిన డబ్బా చూసి ఆ పిల్లే తంబాకు తెచ్చి పోసిందనుకుని, చాట ఒళ్లో పెట్టుకుని డబ్బా వంచుకుంది. కార్ఖానా వాళ్లు ఈసారి మరీ పచ్చి తంబాకు అంటగట్టారని తిట్టుకుంటూనే అంతా బీడీలు చుట్టేసి, కట్టలు కట్టి, వీధి చివరి కార్ఖానాలో అప్పజెప్పి వచ్చింది.

"అమ్మా, డబ్బల పొడేది?"

"తంబాకా? చుట్టి ఇచ్చొచ్చిన."

అది తంబాకు కాదు, పరీక్షకు దాచిన నేలవేమని లలిత లబలబలాడింది. సంగతి తెలియగానే బాలమణి చెప్పులైనా వేసుకోకుండా కార్ఖానాకు పరుగెత్తింది. పక్కింటి ద్రౌపది ఎదురై ఏమైందని అడిగితే, లలిత కాలేజీ పరీక్షకు దాచింది బీడీల్లో చుట్టేశానని ఆయాసపడుతూ చెప్పింది. లలిత కాలేజీలో క్రిములు పెంచుతుందని పేటంతటికీ తెలుసు. ద్రౌపది రెండో మాట అడగకుండా, తనకు కాళ్లలో బలముంది కదా అని ముందు ఉరికింది.

కార్ఖానాలో చెకర్ వాసుదేవ్ రోజూ ఎవరో ఒకరి కట్టలోంచి ఒక బీడీ లాగి వెలిగించేవాడు. దాన్ని తనిఖీ అనేవాడు. ఆనాడు బాలమణి వంతు. మొదటి దమ్ముకే నోరంతా చేదైంది. ఇదేమిటా అనుకునేలోపు ద్రౌపది గుమ్మంలో నిలబడి ఉంది.

"వాసుదేవ్ అన్నా, బాలమణక్క బీడీలు ముట్టకు. వాటిల్ల కాలేజీ క్రిములున్నయ్."

వాసుదేవ్ చేతిలోని బీడీ వంక చూశాడు. "తాగిన గదా" అన్నాడు నెమ్మదిగా.

బీడీలు అప్పజెప్పడానికి వరుసలో నిలబడ్డ ఆడవాళ్లు ఎవరి కట్టలు వాళ్లు తీసుకుని వెనక్కి జరిగారు. ఒకామె ఉప్పునీళ్లు తాగమంది, ఇంకొకామె మజ్జిగ తాగమంది. రెండూ తాగాడు. కడుపులో ఏవో పాకుతున్నాయని బల్లమీద పడుకున్నాడు. అప్పటికి బాలమణి చేరింది. అవి క్రిములు కావు, వాటిని చంపే ఆకు అని ఎంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు.

"ఏదన్న గానీ. నీ బీడీ ఒక్కటి గూడ ఈడ ఉండొద్దు. అన్నీ తీస్కపో."

తిరగ్గొట్టిన బీడీలను బాలమణి జన్మలో అంత ఆనందంగా తీసుకోలేదు.

అయితే పది కావస్తోంది. పొడి అంతా బీడీల్లో ఉంది. ఎవరూ పిలవకుండానే వరుసలోని ఆడవాళ్లంతా వెంట వచ్చి, బాలమణి ఇంట్లో గుండ్రంగా కూర్చుని బీడీలు విప్పడం మొదలుపెట్టారు. పుట్టి బుద్ధెరిగాక చుట్టడమే గానీ విప్పి ఎరుగని చేతులు. ఇంత లొల్లి చేసింది నువ్వే గదా అని ఎవరో ద్రౌపదిని దెప్పారు.

"నేను అర్వకుంటే ఈపాటికి అవి బట్టీల వేడికి మాడి ఉండేటివి" అంది ద్రౌపది, తల ఎత్తకుండా పొడి దులుపుతూ.

బాలమణి లేచి అందరికీ చాయ్ పెట్టింది.

లలిత బస్సందుకుంది. మర్నాడు పళ్లెం తీసి చూస్తే రసం చుక్క చుట్టూ క్రిములు లేని తేట వలయం కనబడింది. పాసయ్యాక బాలమణి ఇంటింటికీ వెళ్లి, ద్రౌపదికి రెండుసార్లు, చక్కెర పంచింది.

వాసుదేవ్ ఆనాటినుంచి బీడీ ముట్టలేదు. ఆయన భార్య కొబ్బరికాయ, రవికగుడ్డ తెచ్చి లలిత చేతిలో పెట్టి, కళ్లు తుడుచుకుని, పేకాట మాన్పించే ఆకేదైనా ఉందా అని అడిగింది.