నత్తలగరువు బీచిలో పూరింటి విడిది

కొల్లేటి ఒడ్డున బీచి లేని లోటు 2008 ఏప్రిల్ నెలతో తీరిపోయిందని ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమైనది. కైకలూరు దాటి లోపలికి వెళితే వచ్చే నత్తలగరువులో, ఊరిని ఆనుకునే, పెర్ల్ బీచ్ నేచర్ రిసార్ట్ అనే సంస్థ వెలిసింది. సరస్సుకి బీచి ఏమిటని కొందరు గొణిగారు. గొణిగేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. సంస్థవారు అవేవీ పట్టించుకోకుండా నరసాపురం వైపు నుంచి అరవై లారీల సముద్రపు ఇసుక తెప్పించి నల్లటి బురద మీద పోయించారు. మొదటి ఇరవై లారీలూ బురదలోకి దిగిపోయాయి, మిగతా నలభై నిలబడ్డాయి. కొల్లేటికి అలలు లేవు కాబట్టి చెట్లకి స్పీకర్లు కట్టి అలల చప్పుడు సీడీ వేశారు. ఆ చప్పుడికి పక్షులు లేచిపోయాయి కాబట్టి పక్షుల కూతల సీడీ కూడా వేశారు. మొత్తానికి ప్రకృతికి ఏ లోటూ రానివ్వలేదు.

దీని అధిపతి కృష్ణబాబుగారు. మొన్నమొన్నటిదాకా కొల్లేటి నడుమ వందల ఎకరాల చేపల చెరువులు తవ్వించిన పెద్దమనిషి. ప్రభుత్వం వారొచ్చి ఆ చెరువుల గట్లు పేల్చేసిన మర్నాడే ఆయనకి ప్రకృతి మీద ప్రేమ పుట్టింది. ఆ ప్రేమతోనే పన్నెండు టెంట్లు వేయించి, ఒక్కోదానికి ఒక్కో పక్షి పేరు పెట్టారు. టెంటని పేరేగాని లోపల ఏసీ, మెత్తటి పరుపు, అద్దాల బాత్రూము, అన్నీ ఉంటాయి. టెంటులో ఉన్నామన్న సంగతి గుర్తుండాలని గోడకి ఒక లాంతరు తగిలించారు. అది కూడా కరెంటుతోనే వెలుగుతుంది. రంగుల కాగితం మీద అచ్చేసిన ప్రకటనలో మట్టిమనుషుల జీవితాన్ని దగ్గరనుంచి చవిచూడండి అని రాయించారు. ఒక్కరోజు ఉంటే అయ్యే ఖర్చు నత్తలగరువు మట్టిమనిషి నెల కూలి.

ఆ మట్టిమనుషుల్లో రాజేశ్వరమ్మ ఒకతె. రిసార్టు కంచె అవతల మొట్టమొదటి ఇల్లు ఆవిడదే, తాటాకు కప్పిన చుట్టిల్లు. మొగుడు జగ్గారావు ఇదివరకు ఆ చెరువుల్లోనే పని చేసేవాడు, గట్లు పోయాక కృష్ణబాబుగారి దగ్గరే పడవ నడుపుతూ అతిథుల్ని తిప్పుతున్నాడు. కాపురానికొచ్చిన పద్దెనిమిదేళ్ళలో ఆ ఇంటి కప్పు తొమ్మిదిసార్లు నేయించారు. వాన పడ్డ ప్రతిసారీ బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని కూర్చోవడం రాజేశ్వరమ్మకి అలవాటే. ఇక పడలేనని పక్కా ఇంటికి అర్జీ పెట్టింది. మండలాఫీసు చుట్టూ రెండేళ్ళు చెప్పులరిగేలా తిరిగాక ఒక కాగితం వచ్చింది. బుధవారం హౌసింగ్ ఆఫీసరు ప్రసాదరావుగారు స్వయంగా వచ్చి ఇల్లు చూస్తారు, పూరిల్లని ధ్రువపరిచి సంతకం పెడితే శ్లాబు ఇల్లు వచ్చినట్టే. ఆ ఒక్క సంతకం కోసం ఆవిడ ముక్కోటి దేవతలకీ మొక్కుకుంది.

పక్కింటి చిట్టిబాబు లోకం తెలిసినవాడు. ఆఫీసరొచ్చే ముందు ఇంట్లోంచి టీవీ ఎలా దాటించాలో, కోళ్ళని ఎవరింట్లో కట్టెయ్యాలో, ఎంత చిరుగుల చీర కట్టుకోవాలో అన్నీ ఏకరువు పెట్టాడు. ఇల్లు ఎంత దరిద్రంగా ఉంటే సంతకం అంత తొందరగా పడుతుందన్నాడు. రాజేశ్వరమ్మకి ఒళ్ళు మండింది.

"పేదోళ్ళమని రాసిచ్చాం గాని పాచిమొహాలోళ్ళమని రాసివ్వలేదు కదా తమ్ముడూ," అంది. "గడపలోకి పెద్దాయనొస్తుంటే ఇల్లు ఊడ్చుకోకుండా ఎట్టా ఉంటాం?"

ఆవిడ చేసిన తప్పు ఇదొక్కటే. మన వైపు ఆడవాళ్ళెవరైనా చేసే తప్పే. మంగళవారమంతా కూర్చుని గోడలకి ఎర్రమట్టి అలికి సున్నంతో పట్టెలు వేసింది. వాకిట్లో మెలికల ముగ్గు పెట్టింది. బడి పంతులమ్మ దేవకుమారిగారింటి నుంచి రెండు కుర్చీలు, ఒక బల్ల, ఆవిడ క్రిస్మస్‌కి వేసుకునే తెల్లటి బల్లగుడ్డ అడిగి తెచ్చింది. జగ్గారావు రెండురోజుల నుంచి కుండలో బతికించి ఉంచిన కొరమీను బుధవారం పొద్దున్నే పులుసైంది. పదింటికల్లా ఆ పూరిల్లు రంగుల కాగితం మీద అచ్చేసిన బొమ్మకన్నా బాగుంది.

అదే పూటకి గూడబాతు అనే టెంటులో శ్యామ్ సుందర్‌గారు, వారి శ్రీమతి బిందుగారు బస చేసి ఉన్నారు. ఆయన తాడేపల్లిగూడెంలో సిమెంటు, ఇనుము హోల్‌సేల్ వ్యాపారి. ఏడాది పొడవునా జనానికి శ్లాబులు పోయించి పోయించి విసుగొచ్చి, ప్రకృతి ఒడిలో రెండురోజులు ఉందామని వచ్చారు. పదింటికి కరెంటు పోయింది, పావుగంటకి జనరేటరు కూడా నోరు మూసింది. ఏసీ ఆగిన టెంటులో మనిషి ఎంతసేపు ఉండగలడో అంతసేపు ఉండి, చెమటలు కక్కుతూ ఇద్దరూ బయటపడ్డారు. స్పీకర్లు కూడా ఆగిపోవడంతో సముద్రం ఎటుందో తెలియక, ఇసుక వెంబడి నడిచి, కంచె పడిపోయిన చోట దాటి, ముగ్గు పెట్టిన వాకిట్లో తేలారు. కుర్చీలు, తెల్ల బల్లగుడ్డ, మూతపెట్టిన మజ్జిగ గ్లాసులు చూసి, ఇది కూడా రిసార్టు ఏర్పాటేనని కూర్చున్నారు.

రాజేశ్వరమ్మ లోపలినుంచి ఒక్క పరుగున వచ్చింది. నల్లకళ్ళద్దాలు, మెళ్ళో కెమెరా, కాస్త బొజ్జ. ఆఫీసరే, సందేహం లేదు. నిక్కరేసుకొచ్చాడేమిటా అని ఒక్క క్షణం అనిపించింది గాని, ఎండలు అలా ఉన్నాయిలే అనుకుంది. పక్కనున్నావిడ ఆఫీసరుగారి భార్య అయి ఉంటుందనుకుంది.

"రండి బాబుగారూ. పొద్దుటినుంచీ మీకోసమే చూస్తున్నామండీ."

శ్యామ్ సుందర్‌గారు మురిసిపోయారు. సర్వీసంటే ఇలా ఉండాలని భార్యకి చెప్పారు. లోపలికొచ్చి గోడ తట్టి చూశారు, కప్పుకేసి చూశారు, దూలానికి ఫోటో తీశారు. గోడ సిమెంటుతో కట్టలేదు కదా అని వ్యాపారస్తుడి అనుమానంతో రెండుసార్లు గోకి చూశారు. ఆవిడ చేతులు కట్టుకుని వెంట తిరిగింది.

"వానొస్తే ఎలా ఉంటుందమ్మా లోపల?"

"లోపల కూడా వస్తుందండీ. ఎనిమిది చోట్ల కారుద్దండీ."

"బిందూ, విన్నావా? ఎనిమిది చోట్లట!" అన్నారాయన, మొహం చేటంత చేసుకుని.

ఆ మొహం చూసి రాజేశ్వరమ్మ గుండె నిండిపోయింది. సంతకం పడిపోయినట్టేననుకుంది. ఆ ఉత్సాహంలో తేళ్ళు ఏ మూల నుంచి వస్తాయో, పోయినేడు తుఫానుకి గోడ ఎటు ఒరిగిందో పూస గుచ్చినట్టు చెప్పింది. బాత్రూమెక్కడ అని బిందుగారు అడిగితే గట్టు అవతలకి వెళతామని సిగ్గుపడుతూ చెప్పింది. దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇంత నిజమైన అనుభవం ఇంకెక్కడా దొరకదన్నారు. ఆ తరవాత అరిటాకుల్లో కొరమీను పులుసుతో భోంచేశారు. అడిగి మరీ వడ్డించుకున్నారు. బిందుగారు చేయి కడుక్కుని నులకమంచం మీద నిద్రపోయారు. శ్యామ్ సుందర్‌గారు చొక్కా విప్పి బల్ల మీద కాళ్ళు చాపుకున్నారు. తిన్నాక కునుకు తీసి సంతకం పెడతారు గామోసు అనుకుని రాజేశ్వరమ్మ విసనకర్ర అందుకుంది.

సరిగ్గా ఆ వేళకి హౌసింగ్ ఆఫీసరు ప్రసాదరావుగారు స్కూటరు దిగారు.

ఆయన చూసిన దృశ్యం ఇది. రంగులేసిన కుటీరం, తెల్ల బల్లగుడ్డ, నిక్కరేసుకున్న పెద్దమనిషి, మంచం మీద పెద్దింటి ఆడమనిషి, పక్కన నిలబడి విసురుతున్న పరిచారిక. కాగితంలో ఉన్న పేరు రాజేశ్వరమ్మ ఎవరని అడిగారు. నేనేనండీ, ఇంటావిణ్ణండీ అందావిడ. మరి వీళ్ళెవరని అడిగారు. రాజేశ్వరమ్మ ఇద్దరు మగాళ్ళనీ మార్చి మార్చి చూసింది. అంతవరకూ నిక్కరాయనే ఆఫీసరనుకుంది మరి.

"అద్భుతంగా ఉందండీ ఇక్కడ," అని శ్యామ్ సుందర్‌గారే అందుకున్నారు. "ఆ టెంటు కన్నా ఇదే నయం. దీనికి ఇంకో రెండింతలు అడిగినా ఇచ్చెయ్యొచ్చు."

రాజేశ్వరమ్మ విసనకర్ర పడేసింది. ప్రసాదరావుగారి ముందుకి వచ్చి నిలబడింది.

"అయ్యా, ఇది మా ఇల్లండీ. మేం ఉండేదిక్కడేనండీ. వీళ్ళెవరో నాకు తెలీదండీ బాబూ."

"చూశారా," అన్నారు శ్యామ్ సుందర్‌గారు మెచ్చుకోలుగా. "కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంటోంది. స్టాఫుకి ఎంత బాగా ట్రైనింగిచ్చారో."

ప్రసాదరావుగారు తొందరపడి నిర్ణయానికొచ్చే మనిషి కాదు. విచారణలో భాగంగా మిగిలిన కొరమీను పులుసుతో తాను కూడా భోంచేశారు. వాసన మీద ఆధారపడక స్వయంగా రుచి చూసి నిర్ధారించుకున్నాక నివేదిక రాశారు. సదరు గృహము విడిది వసతిగా నడుచుచున్నదనియు, బల్ల, కుర్చీలు, అతిథులు ప్రత్యక్షముగా కానవచ్చిరనియు, భోజనము అత్యున్నత ప్రమాణములతో యున్నదనియు, కావున దరఖాస్తుదారు అనర్హురాలనియు అందులో ఉంది. సంతకం కూడా అక్కడే పెట్టారు. రెండేళ్ళనుంచి ఆవిడ కోరుకుంటున్న సంతకమే అది.

రాజేశ్వరమ్మ ఆ సాయంత్రమంతా వాకిట్లో కూర్చుని ఏడ్చింది. ఆఫీసరు మీద కోపం, నిక్కరాయన మీద కోపం, అందరికన్నా తన మీద తనకి కోపం. ముగ్గు పెట్టిన చేతుల్ని చూసుకుని తిట్టుకుంది. మర్నాటినుంచి మొగుడూ పెళ్ళాలిద్దరూ మళ్ళీ మండలాఫీసుకి తిరిగారు. అక్కడివాళ్ళు మర్యాదస్తులు, కూర్చోబెట్టి మాట్లాడారు. నివేదిక తప్పు కావడానికి వీల్లేదనీ, ఇల్లే నివేదికకి తగ్గట్టు మారితే ఎవరికీ ఇబ్బంది ఉండదనీ సలహా చెప్పారు.

ఆ మార్పు చేసే బాధ్యత కృష్ణబాబుగారు తీసుకున్నారు. టెంట్ల కన్నా పూరిల్లే బాగుందని శ్యామ్ సుందర్‌గారు నలుగురికీ చెప్పడంతో అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. జగ్గారావు పడవపని తన చేతుల్లో ఉంది కాబట్టి ఆయన పెద్దగా బతిమాలాల్సిన పని పడలేదు. కంచె ఇంటి అవతలకి జరిగింది. చుట్టిల్లు హెరిటేజ్ కుటీర్ అయింది, రిసార్టులో అన్నిటికన్నా ఖరీదైన బస అదే. జగ్గారావు కప్పు నేయిస్తానంటే మేనేజరు ఒప్పుకోలేదు. కారకపోతే అతిథులు డబ్బు వాపసు అడుగుతారన్నాడు. రాజేశ్వరమ్మ దంపతులకి ఉండటానికి జనరేటరు వెనకాల, చిరిగిపోయి మూలనపడ్డ నీటికాకి అనే టెంటు ఇచ్చారు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ముఖ్య అతిథి శ్యామ్ సుందర్‌గారు. ఒక ప్రజానాయకుడు రిబ్బను కోసి గంటసేపు మాట్లాడారు.

"శ్లాబు ఇళ్ళదేముందండీ, ఏలూరులో ఉన్నాయి, గూడెంలో ఉన్నాయి. నా ఇల్లూ శ్లాబే. ఆ వేడికి మేం పడుతున్న బాధ పగవాడికి కూడా వద్దు. ఈ తల్లికి ఆ బాధ తప్పింది. మన సంస్కృతిని నెత్తిన మోస్తున్నది ఇటువంటి తాటాకు కప్పులే!"

చప్పట్లు మోగాయి. రెండు మాటలు చెప్పమని రాజేశ్వరమ్మ చేతికి మైకిచ్చారు. ఆవిడ అందరికీ దణ్ణం పెట్టి, "నాకు ఇల్లు ఇప్పించండి బాబూ. ఇంకేం వద్దండీ," అంది. చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. ఇల్లు తప్ప ఇంకేమీ కోరని ఆదర్శ మహిళ అని మర్నాడు జిల్లా పేజీలో ఫోటోతో పడింది.

వానాకాలం వచ్చింది. నీటికాకి టెంటులో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. అలల సీడీ మాత్రం ఆగలేదు. రాజేశ్వరమ్మ పట్టు వదలకుండా కొత్త జాబితాకి మళ్ళీ అర్జీ పెట్టింది. మళ్ళీ ప్రసాదరావుగారే వచ్చారు. ఈసారి ఆవిడ ఊడ్వలేదు, అలకలేదు, ముగ్గు పెట్టలేదు. తల కూడా దువ్వుకోకుండా నీళ్ళలో నిలబడి, చూడండి బాబూ అని టెంటులోకి దారి చూపించింది. ఆయన పాపం లోపలంతా తిరిగి చూశారు. గోడగుడ్డ చిరుగుల్లోంచి జల్లు కొడుతోంది. మూల ఏసీ పెట్టెలో ఎలుక కాపురముంది. అన్నీ ఓపిగ్గా చూసి కాగితం తీసి రాశారు. నివాసము: పెర్ల్ బీచ్ నేచర్ రిసార్ట్. గది: నీటికాకి, ఏసీ. కాలము: సంవత్సరము పొడవునా.

జగ్గారావు కూడబలుక్కుని చదివి వినిపించాడు. రాజేశ్వరమ్మ మూలనున్న పెట్టె వైపు చెయ్యి చూపించింది.

"ఆ ఏసీ పనిచెయ్యదండీ," అంది.

"అది రిసార్టు వాళ్ళకి చెప్పుకోవాలమ్మా," అన్నారు ప్రసాదరావుగారు ఎంతో సౌమ్యంగా. "మా కాగితంలో ఉందా లేదా అనే అడిగారు."

ఆయన అన్నదాంట్లో తప్పేముందో మీరే చెప్పండి. మీరూ నేనూ ఏళ్ళతరబడి కూడబెట్టి, ఆఫీసులో సెలవు బతిమాలుకుని, అక్కడ ఒక్కరోజు ఉండొస్తే గొప్ప. ఆవిడ ఏడాదంతా ఉంటోంది. అలాంటి మనిషికి మన పన్నుల సొమ్ముతో ఇల్లు కట్టించాలంటే ఏ ప్రభుత్వానికైనా చేతులెలా వస్తాయి? పోనీ ఆవిడ గోడు వింటుంటే మీకు జాలి కలిగిందే అనుకుందాం. మరి ఎనిమిది చోట్ల కారే ఆ పూరింట్లో పిల్లలతో ఒక్కరోజు ఉండి చూస్తే ఎలా ఉంటుందోనని ఇందాకణ్ణించీ మీలో ఎంతమందికి అనిపిస్తోందో చేతులెత్తండి. దసరాకి నిండిపోయిందట, కార్తీకమాసానికి ఇంకా ఖాళీ ఉందట.