యలమందయ్య బ్యారన్‌లో రాకెట్

ఆ రోజు పొద్దున్నే చిలకలూరిపేట వెళ్ళి తన పొగాకు బ్యారన్‌కు కొత్త గొట్టం ఒకటి కొనుక్కురావాలని యలమందయ్య అనుకున్నాడు. బ్యారన్ అంటే కిటికీలు లేని ఎత్తైన గది. పచ్చాకును కర్రలకు కట్టి పైనుంచి కిందిదాకా వేలాడదీసి, బయట పొయ్యి వెలిగిస్తే, ఆ వేడి నేలమీద పరిచిన ఇనప గొట్టాల్లోంచి పాకి ఆకును పండిస్తుంది. అందులో నడిమి గొట్టానికి తూట్లు పడ్డాయి. చేలో ఆకు కోతకొచ్చింది. ఎనభై ఆరో సంవత్సరంలో ఆ ఊరి రైతుకు అంతకంటే ముఖ్యమైన పని ఇంకొకటి ఉండడానికి వీల్లేదు.

చొక్కా తొడుక్కుంటుండగా భార్య సుబ్బరావమ్మ కాఫీ తెచ్చి ఇచ్చింది.

"ఏవండీ, విన్నారా? మా మరిది గారు వాళ్ళ ఊరి స్కూలుకి రాకెట్ తెప్పిస్తున్నారంట. చెల్లి కబురంపింది."

యలమందయ్య కాఫీ తాగకుండానే గ్లాసు కింద పెట్టేశాడు.

మరిది గారంటే బాపయ్య. సుబ్బరావమ్మ చెల్లెలు వెంకటరావమ్మ భర్త, అంటే యలమందయ్యకు తోడల్లుడు. ఉండేది పక్క ఊళ్ళోనే. వయసులోనూ వరసలోనూ చిన్నవాడైనా మోటారుసైకిలు ముందు అతనే కొన్నాడు. టీవీ కూడా ముందు అతని ఇంటికే వచ్చింది. అత్తగారింట్లో ఇద్దరూ పక్కపక్కన భోజనానికి కూర్చుంటే నెయ్యి గిన్నె ముందు బాపయ్య విస్తరి దగ్గరే ఆగేది. ఇవన్నీ యలమందయ్య పళ్ళు బిగించి ఓర్చుకున్నాడు. రాకెట్‌ను మాత్రం ఓర్చుకోలేకపోయాడు.

"రాకెట్ ఏం చేసుకుంటాడంట? పత్తి చేలో మందు కొడతాడా?"

"మ్యూజియంలో పెడతారంట. పైకెళ్ళి, పని అయిపోయి, సముద్రంలో పడితే తీసుకొచ్చిన రాకెట్టంట. రిటైరైపోయింది గదా, ఎక్కడో ఒకచోట నీడ చూపించాలంట."

"మా బాబాయి రిటైరైతే ఎవడూ నీడ చూపించలేదే?" అంటూ యలమందయ్య బయటికి నడిచాడు. చిలకలూరిపేట బస్సు అతని ముందు నుంచే వెళ్ళిపోయింది. ఎక్కలేదు. తిన్నగా మిషన్ స్కూలు హెడ్మాస్టరు బాలస్వామి గారి దగ్గరికి వెళ్ళాడు.

"మాస్టారూ, మన ఊరికి రాకెట్ కావాలి."

"దేనికండీ?"

"బాపయ్యకి రాకుండా ఉండడానికి."

బాలస్వామి గారు నవ్వాపుకున్నారు. పాత రాకెట్లకు మ్యూజియంలు వెతికిపెట్టే ఆఫీసరు సంతోషకుమారి ఈ పక్క నల్లపాడు పిల్లేననీ, తన దగ్గరే చదువుకుందనీ చెప్పారు. "కానీ ఒక చిక్కుందండీ. ఈ చుట్టుపక్కలకి ఒక్కటే ఇస్తారు. గది కారకూడదు, తాళం పడాలి, రాకెట్ నిలబడేంత ఎత్తుండాలి. బాపయ్య గారి స్కూలు గది ఎత్తు చాలట్లేదు. పడుకోబెడదామా అని ఆ అమ్మాయి ఆలోచిస్తోంది."

"పడుకోబెడతారా? ఆకాశానికెళ్ళొచ్చినదాన్ని?" యలమందయ్యకు అప్పటికప్పుడు రాకెట్ మీద ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది. "మన తాలూకాలో ఎత్తైన గదంటే నా బ్యారనే మాస్టారూ! మీ స్కూలు పక్కనే గదా. ఇచ్చేస్తా."

రెండు రోజుల్లో సంతోషకుమారి జీపులో వచ్చింది. బ్యారన్ లోపల నిలబడి తల పైకెత్తి చూసి మురిసిపోయింది.

"చాలా బావుందండీ. ఇందులో ఇంకేమీ పెట్టరుగా?"

"మ్యూజియం అంటే మ్యూజియమేనమ్మా. అగ్గిపుల్ల కూడా గియ్యనివ్వను."

"అయితే ఈ సంగతి బాపయ్య గారికి..."

"నేను చెప్తా. మావాడేగా!"

అసలు అంత పంతం పట్టింది ఆ చెప్పడం కోసమే. రాకెట్ చూసినప్పుడు బాపయ్య మొహం ఎలా మాడిపోతుందో దగ్గరుండి చూడాలి. అందుకని ఈ విషయం పెళ్ళాం చెవిన కూడా పడనివ్వలేదు. సుబ్బరావమ్మకు తెలిస్తే సాయంత్రానికి వెంకటరావమ్మకు తెలుస్తుంది, రాత్రి అన్నాల వేళకు బాపయ్యకు తెలుస్తుంది. కాబట్టి భార్యతో, "పాత గొట్టాలు తీయించి బ్యారన్ శుభ్రం చేయించు. లారీలో సామానొస్తుంది, లోపల దింపించు," అని మాత్రమే అన్నాడు. చేలో ఆకు సంగతి అతని బుర్రలోంచి ఎప్పుడో జారిపోయింది.

తర్వాత ఠీవిగా పిలుపులకు బయల్దేరాడు. పక్క ఊళ్ళో బాపయ్య స్కూలు గది కప్పు విప్పించి, గోడలు ఎత్తు చేయిస్తూ సొంత ఖర్చుతో మేస్త్రీలను తొందరపెడుతున్నాడు.

"రా అన్నయ్యా! రాకెట్ వస్తోందిగా, ఈ గది సరిపోద్దంటావా?"

"బ్రహ్మాండంగా ఉంది. ఇంకో రెండు వరసలు లేపించు," అన్నాడు యలమందయ్య. కడుపు నిండిపోయింది. "రేపు మా బ్యారన్ దగ్గర చిన్న ఫంక్షనుంది. నువ్వు తప్పకుండా రావాలి తమ్ముడూ." అట్నుంచి అత్తగారి ఊరు వెళ్ళి మామగారిని కూడా పిలిచాడు. ఆ పూట నెయ్యి గిన్నె ఎవరి దగ్గర ముందు ఆగినా పట్టించుకోలేదు.

అతను అటు వెళ్ళగానే ఇటు లారీ వచ్చింది. అందులోంచి గోనె పట్టాలు చుట్టిన పొడవాటి గొట్టం ఒకటి దిగింది. రెండువైపులా బోలు. దాని ముక్కూ తోకా మర్నాడు సంతోషకుమారి జీపులో వస్తాయన్న సంగతి సుబ్బరావమ్మకు ఎవరు చెప్పారు గనక? మొగుడు చిలకలూరిపేటలో చెప్పొచ్చిన కొత్త గొట్టం అనుకుని లోపల దింపించింది. ఆకు కోయించింది. ఏటా బ్యారన్ పొయ్యి కాల్చడానికి వచ్చే అల్లాబక్షుకు కబురుపెట్టింది. అతను వచ్చి గోనె విప్పి గొట్టాన్ని వేలితో మోగించి చూశాడు.

"రేకు ఎంత మందమమ్మా! ఆసామికి ఇన్నాళ్ళకి చెయ్యి వదులైంది!"

పాత గొట్టాలు రెండు పక్కలా తిరిగి అమర్చి, కొత్తదాన్ని నడిమధ్య పెట్టి, బంకమట్టితో సందులు మూసి, ఆకెక్కించి, పొయ్యి ముట్టించాడు.

మర్నాడు యలమందయ్య మామగారిని, బాపయ్యను వెంటబెట్టుకుని వచ్చేసరికి బ్యారన్ ముందు స్కూలు పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. బాలస్వామి గారు దండ పట్టుకుని ఉన్నారు. సంతోషకుమారి జీపు దగ్గర నుంచుని పైకి చూస్తోంది. బ్యారన్ పొగగొట్టంలోంచి పొగ వస్తోంది.

"అన్నయ్యా, ఫంక్షనంటే బ్యారన్ ముట్టించడమా?" అన్నాడు బాపయ్య.

"ఆసామీ!" అంటూ అల్లాబక్షు సంబరంగా ఎదురొచ్చాడు. "ఏం గొట్టమండీ అది! నా సర్వీసులో ఇట్టాంటి గొట్టం చూళ్ళా. వేడి ఎటూ పోవట్లా!"

సంతోషకుమారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "యలమందయ్య గారూ... మా రాకెట్ ఎక్కడండీ?"

ముందుగా అర్థమైంది బాపయ్యకే. జీపులో ఉన్న ముక్కునూ, తోకనూ చూశాడు. పొగను చూశాడు. గట్టు మీద కూలబడి కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. మామగారు కూడా నవ్వడం యలమందయ్యను నిలువునా కోసేసింది.

"మంట ఆర్పండి! తలుపు తియ్యండి!" అంది సంతోషకుమారి.

అల్లాబక్షు తలుపుకు అడ్డం నిలబడ్డాడు. "ఇప్పుడే రంగు తిరుగుతోందమ్మా. తలుపు తీస్తే ఏడాది పంట నల్లబడి పోద్ది."

యలమందయ్య తలుపును, బాపయ్యను మార్చి మార్చి చూశాడు. తీస్తే పంట పోతుంది. తీయకపోతే రాకెట్ పోతుంది. ఏది పోయినా ఈ వెధవ నవ్వుతాడు. "నా ఖర్మ! వీడికొచ్చిందని ఏడ్చి, నా కొంపకు నేనే నిప్పెట్టుకున్నా," అని అందరిముందూ నోరు జారాడు.

బాలస్వామి గారు నెమ్మదిగా, "అమ్మాయ్, ఒకసారి లోపలికి చూడు," అన్నారు. వేడి చూసుకోవడానికి గోడకు పెట్టిన చిన్న అద్దంలోంచి ఆమె చాలాసేపు చూసింది.

"ఇది పైకెళ్ళినప్పుడు తిన్న మంట ముందు మీ పొయ్యి ఒక లెక్కలోది కాదు," అంది చివరికి. "కానివ్వండి. ఆకు దిగాక తీసుకెళ్తాను. మీ దగ్గర మాత్రం ఉంచను. రిటైరైనదాంతో మళ్ళీ చాకిరీ చేయించకూడదు, అది మా రూలు."

"మరి ఎక్కడ పెడతారు?"

"బాపయ్య గారు గోడలు లేపించారటగా."

అలా రాకెట్ పక్క ఊరికే పోయింది. ఆకు మాత్రం యలమందయ్య పుట్టి బుద్ధెరిగాక చూడనంత బంగారు రంగులో దిగింది. వేలంలో దానికే పై ధర పలికింది. అయినా అతనికి నాలుగు రోజులు అన్నం సయించలేదు. రాకెట్ ఆ వెధవ ఊళ్ళో నిటారుగా నిలబడి ఉందన్న ఊహే ముద్ద దిగనివ్వలేదు.

ప్రారంభోత్సవానికి మామగారు పిలిస్తే కాదనలేక, ఏడుపు మొహంతో వెళ్ళాడు. మసి తుడిచి, ముక్కూ తోకా తగిలించిన రాకెట్ కొత్త గదిలో మెరిసిపోతోంది. బాపయ్య ఛాతీ విరుచుకుని దాని ముందు గుడ్డ తొలగించాడు. కింద సంతోషకుమారి రాయించి పంపిన బోర్డుంది. మ్యూజియంలో వస్తువు చరిత్ర ఉన్నదున్నట్టు రాయాలన్నది ఆవిడ పట్టుదల. మామగారు కళ్ళజోడు సవరించుకుని అందరికీ వినపడేలా చదివారు.

"ఈ రాకెట్ ఒకసారి ఆకాశానికి వెళ్ళి వచ్చినది. విశ్రాంతి తీసుకున్న పిమ్మట శ్రీ యలమందయ్య గారి పొగాకు బ్యారన్‌లో పనిచేసి, ఆ ఏటి మేలిరకం ఆకును పండించినది."

బాపయ్య పేరు అందులో ఎక్కడా లేదు. మామగారు వెనక్కి తిరిగి పెద్దల్లుడి భుజం తట్టారు. బాపయ్య మొహం ఎలా మాడిందో యలమందయ్య అక్కడే నిలబడి, తనివితీరా చూశాడు.

మర్నాడే బాపయ్య ఆ బోర్డుకు అడ్డంగా ఒక క్రోటను కుండీ పెట్టించాడు గాని, వారానికొకసారి యలమందయ్య వెళ్ళి దాని చిగుళ్ళు తడిమి వస్తుండడం వల్లనో ఏమో, ఆ మొక్క ఇంతవరకూ బోర్డును కప్పేంత ఎదగలేదు.