బొటనవేళ్లకు స్వాతంత్ర్యం

మెదక్ పట్టణ ప్రజల బొటనవేళ్లకు స్వాతంత్ర్యం ప్రసాదిస్తున్నట్టు ప్రశాంత జీవన మిషన్ అధ్యక్షులు ఇంద్రకరణ్ గారు సోమవారం ఉదయం రాందాస్ చౌరస్తాలో ప్రకటించారు. నలభై ఐదు రోజుల తర్వాత పట్టణంలో ఎవరి మెడా కిందికి వంగి ఉండదని, ఒకవేళ ఉంటే అది పెద్దల కాళ్లకు మొక్కడానికేనని ఆయన హామీ ఇచ్చారు. ఈ ప్రసంగాన్ని ఆయన తన ఫోన్‌లో చూసి చదివారు. రెండో ఫోన్ ఆయన్ని లైవ్‌లో చూపిస్తోంది. మూడో ఫోన్ పట్టుకున్న పీఏ, లైవ్ ఎంతమంది చూస్తున్నారో ఆయన చెవిలో చెబుతున్నాడు.

"నాలుగు వందలేనా?" అని మైకులోనే అడిగి, ఆయన జనం వైపు తిరిగారు. "అన్నలారా, అక్కలారా! ఫోన్ మనల్ని మింగుతున్నది. ఈ ముచ్చట తలా పది గ్రూపులకు ఫార్వర్డ్ చెయ్యుండ్రి."

జనం అప్పటికప్పుడు తలలు వంచి ఆయన మాట నిలబెట్టారు.

వేదిక పక్కన పసుపుపచ్చ కోట్లు వేసుకుని నిలబడ్డ పన్నెండుమంది 'ప్రశాంత ప్రేరకుల్లో' అరుణ ఒకతె. రేగోడ్ దగ్గరి పల్లెలో బడి చదువు, జోగిపేటలో డిగ్రీ. మాట తక్కువ. ఉద్యోగం మూడు నెలల కాంట్రాక్టు. తనకిచ్చిన గల్లీలో అన్ని ఇళ్లూ మిషన్ లెక్కలో ఆకుపచ్చ రంగులోకి వస్తేనే రెన్యువల్. లేదంటే పసుపు కోటు వాపసు ఇచ్చి, కిరాయి గది ఖాళీ చేసి, పత్తి ఏరడానికి ఊరికి బస్సెక్కాలి. ఆ గది పెద్దదేం కాదు. కాకపోతే దాని తాళంచెవి, పుట్టి బుద్ధెరిగాక అరుణ చేతికి వచ్చిన మొదటి సొంత తాళంచెవి.

పథకం చాలా సులువైంది. ప్రతి ఇంట్లో రోజుకు ఎన్ని గంటలు ఫోన్ చూస్తారో మొదట రాసుకోవాలి. ఆ తర్వాత సాయంత్రం రెండు గంటలు ఫోన్ పక్కన పెట్టించి, ఏదో ఒక ఆట ఆడించాలి. ఫోన్ పక్కన పెట్టినట్టు అరగంటకొకసారి ఫొటో తీసి 'విరామం' అనే యాప్‌లో ఎక్కించాలి. నలభై ఐదో రోజున మళ్లీ గంటలు లెక్కగట్టి, సగానికి సగం తగ్గితే ఆ ఇల్లు పచ్చ. తగ్గకపోతే ఎరుపు.

అరుణకు ఖిల్లా కింది గల్లీ వచ్చింది. అరవై రెండు ఇళ్లు. యాభై ఎనిమిది ఇళ్లలో గుమ్మంలో నిలబడ్డ మగవాళ్లు "మూడు గంటలు" అన్నారు. లోపలి నుంచి ఆడవాళ్లు "పదకొండు" అని అరిచారు. అరుణ లోపలి మాటే రాసుకుంది.

మిగిలిన నాలుగు ఇళ్లకు తాళాలున్నాయి. ఆ నాలుగిళ్ల మనుషులూ ఐలమ్మ అరుగు మీదే దొరికారు. సుద్దముక్కతో గీసిన ఇరవై ఐదు గడుల చుట్టూ కూర్చుని అష్టాచెమ్మ ఆడుతున్నారు. ఐలమ్మ నలభై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి. ఎదురింటి నిర్మలమ్మది ఒకప్పుడు ముప్పై ఎకరాలున్న ఇల్లు, ఇప్పుడు గేటు మాత్రం మిగిలింది. భూమయ్య బావుల మోటార్లు బాగుచేసి చెవులు సగం పోగొట్టుకున్నాడు. జయానందం దవాఖానలో కాంపౌండర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన కాయలు మందుసీసాల మూతలు. భూమయ్యవి తాగేసిన బీడీ ముక్కలు.

"రోజుకు ఎన్ని గంటలు ఫోన్ చూస్తరు పెద్దమ్మా?" అని అరుణ అడిగింది.

"ఏ ఫోన్ బిడ్డా?" అంది ఐలమ్మ, గవ్వలు దులుపుతూ.

జయానందం జేబులోంచి బటన్ల ఫోన్ తీసి చూపించాడు. "దీన్ని నేను చూడనమ్మా. ఇది మోగితే నేను ఉలిక్కిపడుత. గంతే మా సంబంధం."

"అయితే సున్నా అని రాయాల్నా?"

"సున్నా ఏంది, ఉత్తగనే ఇజ్జత్ పోతది. ఒకటన్న రాయరాదు?" అన్నాడు భూమయ్య గట్టిగా.

అరుణ సున్నా రాసింది. పల్లెటూరి బడిలో ఆమెకు చూసింది చూసినట్టు రాయడం ఒక్కటే నేర్పారు. ఆ పొరపాటు ఎంత పెద్దదో ఆమెకు పదిహేనో రోజు రివ్యూ మీటింగులో తెలిసింది.

గోడ మీది తెరపై ఖిల్లా కింది గల్లీ వెలుగుతోంది. యాభై ఎనిమిది ఇళ్లు పచ్చబడుతున్నాయి. నాలుగు మాత్రం మిరపపండు ఎరుపు. హైదరాబాద్ నుంచి వచ్చిన కన్సల్టెంట్ మదన్ మోహన్ ఆ నాలుగింటి మీద లేజర్ చుక్క తిప్పాడు.

"ఈ ఇళ్లలో తగ్గుదల సున్నా శాతం. జిల్లా మొత్తంలో ఇదే లోయెస్ట్."

"వాళ్లు అసలే చూడరు సార్," అంది అరుణ. "తగ్గనీకె ఏం లేదు."

"అంటే తగ్గలేదు."

"లేదు సార్."

"అదే నేనూ చెప్తున్నది."

ఇంద్రకరణ్ గారు నొచ్చుకున్నారు. "పదిహేను దినాలాయె, సున్నా కాడనే కూసున్నరా? గింత మొండోళ్లా?"

"వాళ్ల తప్పు కాదు సార్," అని మదన్ మోహన్ గొంతు తగ్గించాడు. "వాళ్లకు బేస్‌లైన్, అంటే తగ్గించడానికి మొదటి లెక్కే లేదు. అడిక్షన్‌కు అవకాశమే దక్కని వర్గం."

ఆ మాటకు ఇంద్రకరణ్ గారి కళ్లు తడయ్యాయని అక్కడున్నవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. "నేనుండంగ ఒక్కరు గూడ వెనకవడొద్దు. ఆ నాలుగిండ్లకు ఫోన్లు ఇయ్యుండ్రి. మంచియి. పెద్ద స్క్రీన్‌వి."

అరుణకు నోరు పెగిలేసరికి అందరూ టీ కప్పులు అందుకున్నారు. "సార్, మనం ఊరందరినీ ఏం చెయ్యమంటున్నమో వాళ్లు గదే చేస్తున్నరు గద?"

మదన్ మోహన్ ఓపిగ్గా నవ్వాడు. "చేస్తే సరిపోదమ్మా. మానేసి చెయ్యాలె."

అరుణ సంచిలో తాళంచెవిని తడుముకుంది. నాలుగు ఫోన్ డబ్బాలూ తీసుకుని ఖిల్లా వైపు నడిచింది.

ఫోన్ ఇచ్చేముందు లబ్ధిదారుల ఫొటో తియ్యాలని యాప్ నిబంధన. ఆమె వెళ్లేసరికి ఆట చివరికొచ్చింది. ఐలమ్మవి మూడు కాయలు పండాయి. నాలుగోది నడిమింటికి నాలుగు గడుల దూరంలో ఉంది. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ. చెమ్మ పడితే ఆమె గెలిచినట్టే. గవ్వలు పిడికిట్లో పట్టుకుని, చెయ్యి పైకెత్తింది.

"ఒక్క నిమిషం పెద్దమ్మా! చెయ్యి గట్లనే ఉంచు."

"పందెం ఏసినంక తియ్యరాదు బిడ్డా."

"ఐపోయింది పెద్దమ్మా, ఇగో."

ఐపోలేదు. ఖిల్లా నీడలో సిగ్నల్ దొరక్క, ఫొటో కింద తేదీ, చోటు పడటానికి పావుగంట పట్టింది. ఐలమ్మ చెయ్యి అలాగే ఎత్తి ఉంచింది. నిర్మలమ్మ మోచెయ్యి పట్టుకుని సాయం చేసింది. ఫొటో మాత్రం బాగా వచ్చింది. నలుగురి కళ్లూ ఆ పిడికిలి మీదే ఉన్నాయి.

తర్వాత డబ్బాలు తెరిచారు.

"ఇవి మాకెందుకమ్మా?" అంది నిర్మలమ్మ.

"చూడనీకె."

"చూసి?"

"తర్వాత మానెయ్యాలె."

"ఇప్పుడే మానేసినం, తీస్కపో," అన్నాడు భూమయ్య.

"ముందు అలవాటు కావాలె కాకా."

ఐలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "పెండ్లి మీరే జేసి, ఇడుపు కాయితం గూడ మీరే రాస్తరా బిడ్డా? మస్తుంది మీ సర్కస్."

అరుణ కోటు గుండీ తిప్పుతూ నిలబడింది. జయానందం ఆమె ముఖం చూశాడు. ఆయన ముప్పై ఏళ్లు రోగుల ముఖాలు చూసినవాడు.

"నీ నౌకరికి ఏమన్న కష్టమున్నదామ్మా?"

అరుణ తలూపింది.

ఐలమ్మ పిడికిట్లోని గవ్వలు వెయ్యకుండానే కొంగున ముడేసుకుంది. "గట్లయితే గా ముచ్చట ముందు చెప్పొద్దా? ఇటు తే. పిల్ల నౌకరి కోసం నాలుగు దినాలు చూస్తం. కండ్లేమన్న అరిగిపోతయా?"

ఆట ఎక్కడిదక్కడ ఆపి, నలుగురూ ఫోన్లు చేతబట్టారు.

మొదటి వారం వాళ్లు కషాయం తాగినట్టు చూశారు. జయానందం గడియారం పెట్టి, "ఇంక పది నిమిషాలుంది, ఓర్చుకోండి," అని మిగతావాళ్లకు ధైర్యం చెప్పేవాడు. రెండో వారం భూమయ్యకు ఎక్కడో పాత మోటార్లు విప్పి బాగుచేసే వీడియోలు దొరికాయి. చెవులు లేనివాడికి చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు కూడా దొరికాయి. జయానందానికి ప్రార్థన పాటలు, వాటి పక్కనే మోకాళ్ల నొప్పికి ఆకుల వైద్యాలు దొరికాయి. ముప్పై ఏళ్లు మాత్రలిచ్చిన మనిషి ఆకులు నూరడం మొదలుపెట్టాడు. నిర్మలమ్మ ఇతరుల ఇళ్ల గేట్లు చూసేది. ఐలమ్మ ఏం చూసేదో ఎవరికీ తెలియదు. ఆమె వేళ్లు నలభై ఏళ్లు బీడీ ఆకు మీద ఆగకుండా తిరిగాయి. ఇప్పుడు వాటికి మళ్లీ పని దొరికింది.

మూడో వారం వాన కురిసి అరుగు మీది గడులు కొట్టుకుపోయాయి. ఎవరూ మళ్లీ గీయలేదు. నలుగురూ అరుగుకు నాలుగు మూలలా కూర్చున్నారు.

నలభై నాలుగో రోజున అరుణ సుద్దముక్క కొనుక్కుని వెళ్లింది. తనే వంగి గడులు గీసింది.

"ఇగ చాలు పెద్దమ్మా. అయిపోయింది. ఫోన్లు పక్కన వెట్టి ఆట మొదలువెట్టుండ్రి."

"జర ఆగు బిడ్డా."

ఆమె ఆగింది. ఎండ అరుగు దిగిపోయేదాకా ఆగింది. ఆఖరికి ఐలమ్మ కొంగుముడి విప్పి, తలెత్తకుండా గవ్వలు అందించింది. "ఇవి నువ్వు పెట్టుకో. నా చేతుల జాగ లేదు."

అరుణ గవ్వలు సంచిలో వేసుకుని, నిబంధన ప్రకారం చివరి ఫొటో తీసింది. నాలుగు మూలలు, నాలుగు వంగిన మెడలు. ఈసారి ఎవరినీ కదలకుండా ఉండమని చెప్పాల్సిన పని పడలేదు.

మర్నాడు ఆమె ఆఫీసులో కాగితం పెట్టింది. నాలుగిళ్లు. మొదట సున్నా గంటలు, చివర తొమ్మిది గంటలు.

ఇంద్రకరణ్ గారు చాలాసేపు చదివారు. తర్వాత తండ్రిలా అన్నారు. "అమ్మా, కాయితం తలకిందులు పట్టుకున్నవ్."

"లేదు సార్. సీదనే పట్టుకున్న."

"ఇంకోపారి చూడు. తొందరేం లేదు. నీ రెన్యువల్ మీద నేను గూడ ఇంకా సంతకం పెట్టలే."

అరుణ చూసింది. గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఆమె కాగితం మీది 'మొదట' కొట్టేసి 'చివర' అని, 'చివర' కొట్టేసి 'మొదట' అని రాసింది. నాలుగిళ్లూ ఒక్కసారిగా పచ్చబడ్డాయి. తొమ్మిది నుంచి సున్నా. నూటికి నూరు శాతం తగ్గుదల. పథకం పుట్టాక ఇలాంటిది చూడలేదని మదన్ మోహన్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఫొటోల కింది తేదీలు డిజైన్‌కు అడ్డమొస్తున్నాయని కత్తిరించాడు.

"క్యాప్షన్లు నువ్వే టైప్ చెయ్ అరుణా. ఫీల్డ్ నుంచి వస్తేనే ఆథెంటిక్‌గా ఉంటది."

వంగిన మెడల కింద అరుణ 'నిన్న' అని కొట్టింది. ఎత్తిన పిడికిలి కింద 'నేడు' అని కొట్టింది. రెండు చిన్న మాటలే. అయినా ఆమెకు, ఆ రోజు ఫొటోకు సిగ్నల్ దొరకడానికి పట్టినంత సేపు పట్టింది.

ఆదివారం చౌరస్తాలో ఆ రెండు ఫొటోలతో రెండంతస్తుల ఫ్లెక్సీ ఆవిష్కరించారు. ఖిల్లా కింది గల్లీ ఆదర్శ గల్లీ అయింది. చేగుంట నుంచి, రామాయంపేట నుంచి బస్సుల్లో ప్రేరకులు నేర్చుకోవడానికి వచ్చారు. నలుగురు ఆదర్శ పౌరులను వేదిక మీద కుర్చీల్లో కూర్చోబెట్టి, శాలువాలు కప్పారు. ఫోన్లు శాలువాల కిందికి పోయాయి. శాలువాలు లోపలి నుంచి నీలంగా వెలిగాయి.

అరుణ రెన్యువల్ కాగితం సంచిలో పెట్టుకుని వేదిక మెట్ల దగ్గర నిలబడింది.

"పెద్దమ్మా," అని ఇంద్రకరణ్ గారు మైకు ఐలమ్మ ముందు పెట్టారు. "ఫోన్ ఇడిసిపెట్టి గింత సంబురంగ ఎట్ల ఆడుతున్నవో జనానికి రెండు ముక్కలు చెప్పు."

ఐలమ్మ తల ఎత్తింది. ఎదురుగా ఫ్లెక్సీ మీద ఆకాశమంత తన చెయ్యి. ఆమె దాన్ని గుర్తుపట్టడానికి కొంత సమయం పట్టింది.

"గది చెమ్మ కోసం ఎత్తిన చెయ్యి," అంది. "గా పందెం నేనింకా ఎయ్యనే లే. ఈ పిల్ల ఫొటో అని ఆపింది. గప్పుడు ఆగిందే."

పీఏ లెక్క చెప్పడం మరిచిపోయాడు.

"చూసిన్రా!" అన్నారు ఇంద్రకరణ్ గారు గద్గదంగా. "ఆటంటే గింత ప్రాణం! ఫొటోకు ఆపినా ఓర్సుకుంటలేదు!"

చౌరస్తా చప్పట్లతో దద్దరిల్లింది. లైవ్ పదకొండు వేలు దాటింది. ఐలమ్మ ఇంకా ఏదో చెప్పబోయింది కానీ, శాలువా కింద ఏదో టింగుమంది. ఆమె కూర్చుంది.

అరుణ సంచిలో చెయ్యి పెట్టింది. రెన్యువల్ కాగితం కింద, తాళంచెవి పక్కన గవ్వలు తగిలాయి. వాటిని పిడికిట్లో దులిపి, ఐలమ్మ కాళ్ల ముందు మెట్టు మీద వేసింది.

నాలుగూ వెల్లకిలా పడ్డాయి.

"పెద్దమ్మా," అని మెల్లగా పిలిచింది. "చెమ్మ."

శాలువా కింద బొటనవేలు పైకి కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది.

"అరుణా," అని కెమెరా వెనక నుంచి మదన్ మోహన్ సైగ చేశాడు. "అవి తీసెయ్. ఫ్రేమ్‌లోకి వస్తున్నయి."