ముప్పావు నక్షత్రం

ఒక పెద్ద అడవిలో శుక్రవారం వస్తే చాలు, జంతువులకు ఒకటే గోల. ఈ వారం ఏం చూడాలి? హాలుకు వెళ్ళాలా, టీవీ ముందు కూర్చోవాలా?

హాలంటే ఎలుగుబంటి భద్రయ్య గుహ. అడవి చూడ్డానికొచ్చిన మనుషులు వదిలేసిపోయిన ప్రొజెక్టరు ఒకటి, గోడకు కట్టిన తెల్లదుప్పటి ఒకటి, అంతే సరంజామా. టీవీ అంటే వాగు ఒడ్డున మద్దిచెట్టుకు వేలాడే పెట్టె. దాని రిమోటు కోతుల చేతిలో ఉండేది. ఆ కోతులు ప్రతి ఆదివారం ఒకే సినిమా వేసి, ప్రతిసారీ మొట్టమొదటిసారిగా మీ కోసం అని కేకలు పెట్టేవి.

జంతువుల సందేహం తీర్చడానికి అటవీ సభ వారు ఒక సంఘం వేశారు. పేరు వారాంతపు సినిమా సిఫారసుల సంఘం. కార్యదర్శి నక్క నాగభూషణం. సంగీత విభాగం గాడిద గంధర్వరావు. కథ, కథనం విభాగం తాబేలు కూర్మారావు. ఆయన ప్రతి సమావేశానికీ బయల్దేరేవాడు. చేరేసరికి ఆ సినిమా హాల్లోంచి వెళ్ళిపోయి టీవీలోకి వచ్చేసేది.

సంఘానికి ఒక నియమావళి ఉంది. అందులో మొదటి నియమం, సభ్యులెవరూ సినిమా చూడకూడదని.

"ఇదేం నియమమండీ?" అని ఒక ఉడుత అడిగింది.

"చూస్తే అభిప్రాయం వచ్చేస్తుందమ్మా. అభిప్రాయం వచ్చాక ఇంక నిష్పక్షపాతం ఎక్కడుంటుంది?" అన్నాడు నాగభూషణం.

ఉడుత తల గోక్కుంటూ వెళ్ళిపోయింది.

మరి మార్కులెలా వేసేవారంటే, అన్ని సినిమాలకూ ఐదింటికి రెండు ముప్పావు నక్షత్రాలు వేసేవారు. దాని వెనక పెద్ద ఆలోచనే ఉంది. రెండున్నర వేస్తే తీసినవాడు కొడతాడు, మూడు వేస్తే చూసినవాడు కొడతాడు. రెండు ముప్పావు దగ్గర ఆగితే ఎవరూ కొట్టరు. సంఘం బోర్డు మీద ఆ నక్షత్రాల కింద మాత్రం ప్రతివారం ఒకటే మాట, కుటుంబ సమేతంగా తప్పక చూడదగ్గ చిత్రమని. పోయినేడాది ఈ మాట పొరపాటున పులి కనబడిందన్న హెచ్చరిక బోర్డు కింద కూడా పడింది. రెండు కుందేలు కుటుంబాలు బయల్దేరి, సగం దారిలో అనుమానమొచ్చి వెనక్కి తిరిగాయి.

ఆ తర్వాత సంఘం మాట నమ్మేవాళ్ళు కరువయ్యారు. తప్పక చూడదగ్గదని బోర్డు మీద కనబడితే చాలు, జంతువులు ఇంటిపట్టున కూర్చుని పేలు చూసుకునేవి. భద్రయ్య గుహ ఖాళీ అయిపోయింది. ఒక శుక్రవారం ఆటకు ఒక్క గబ్బిలమే ఉంది. అదీ ప్రేక్షకుడు కాదు, అక్కడే కాపురం.

అప్పుడు అడవిపందులు సభలో అర్జీ పెట్టుకున్నాయి. మా ఇళ్ళలో ఏడాదికి నలభై పెళ్ళిళ్ళు, ఖాళీగా పడున్న ఆ గుహను కళ్యాణ మండపం చెయ్యండి అని. సభ తీర్మానించింది. వచ్చే రెండు శుక్రవారాలు వరసగా హాలు నిండాలి. ఒక్కటి తప్పినా గుహ పందులది.

భద్రయ్య చెవులు వాలిపోయాయి. ఆ గుహలో దీపాలు ఆర్పగానే ఏనుగూ ఎలుకా ఒకేసారి నోరు మూసుకుని తెరవైపు తిరిగే క్షణం ఒకటుంటుంది. దాని కోసమే అతను బతికేది. తేనె కూడా దాని తర్వాతే.

ఏనుగు గజలక్ష్మి దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకున్నాడు. "చెల్లెమ్మా, నువ్వొక్కదానివొస్తే సగం హాలు నిండుతుంది. ఎందుకు రావు?"

"ఏం చూసి రమ్మంటావన్నయ్యా? ఆ నాగభూషణం అన్నిటినీ మెచ్చుకుంటాడు. ఒక్కదాన్నైనా చెత్త అన్నాడనుకో, చుట్టాలందర్నీ తీసుకొస్తాను. వాడికి కోపమొచ్చిందంటే అందులో ఏదో ఉండే ఉంటుంది కదా."

భద్రయ్య ఆ మాట పట్టుకుని సంఘం ఆఫీసుకు పరిగెత్తాడు.

"నాగభూషణం గారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ వారం నా సినిమాను మెచ్చుకోకండి. నాలుగు తిట్లు తిట్టండి."

అక్కడే వచ్చింది చిక్కు. ఈ వారం సినిమా ఏదనుకున్నారు? 'జూలు దులిపితే'. హీరో సాక్షాత్తూ సింహరాజు గారి అబ్బాయి కేసరి. నిర్మాతా అతనే, దర్శకుడూ అతనే, టైటిల్సులో తోక విన్యాసాలు అన్న పేరు కూడా అతనిదే. యువరాజును తిడితే తోలు ఊడుతుంది. మెచ్చుకుంటే ఎవరూ రారు, సినిమా పోయిందని అప్పుడూ తోలే ఊడుతుంది.

"రాజుగారు బోర్డు చదువుతారంటావా?" అన్నాడు మెల్లగా.

"ఆయన తన పేరున్న బోర్డులే చదువుతారండి."

"అయితే ఫరవాలేదు" అని నాగభూషణం బొగ్గు అందుకున్నాడు. ఎన్నేళ్ళుగానో అందర్నీ పొగిడీ పొగిడీ లోపల పేరుకుపోయిందేమో, చెయ్యి ఆగలేదు. 'హీరో కేసరి నది మీంచి దూకినప్పుడు నదికే సిగ్గేసింది. ఒక్క దెబ్బకు ముప్పై తోడేళ్ళు పడ్డాయి, అందులో పదకొండు దెబ్బకు ముందే పడ్డాయి. గడ్డి తినే జంతువులు ఈ సినిమా చూస్తే నెమరు మర్చిపోవడం ఖాయం. నక్షత్రాలు: ముప్పావు.'

"సినిమా చూశారా?" అన్నాడు భద్రయ్య ఆశ్చర్యపోయి.

"ఛ, నియమం తప్పుతానా? పోస్టరు చూశాను."

శుక్రవారం మ్యాట్నీకి గుహ ముందు తొక్కిసలాట. గజలక్ష్మి అన్నమాట ప్రకారం పద్నాలుగు మంది చుట్టాలతో వచ్చింది. జిరాఫీ వెనక కూర్చోమంటే కూర్చోదు, ముందు కూర్చుంటే వెనకవాళ్ళు ఊరుకోరు. చివరికి దాన్ని బయట నిలబెట్టి తల ఒక్కటీ లోపలికి రానిచ్చారు. భోజనాల బల్లలు ఎన్ని పడతాయో కొలుచుకుందామని టేపు పట్టుకొచ్చిన పందులు కూడా జనంలో ఇరుక్కుని సినిమా చూడాల్సొచ్చింది.

తెరమీద కేసరి నది మీంచి దూకాడు. నడుముకు కట్టిన తాడు స్పష్టంగా కనబడింది. హాలంతా ఒక్కసారి గొల్లుమంది. దుప్పులు కిందపడి దొర్లాయి. పందులు టేపు పళ్ళ మధ్య పెట్టుకుని నవ్వాపుకున్నాయి. ఆ గోలంతా తన మీద అభిమానమే అనుకుని, హాల్లోనే ఉన్న కేసరి తెర ముందుకొచ్చి జూలు దులిపాడు. దానికి ఇంకో పావుగంట నవ్వారు.

ఆ గోల విని సింహరాజు గారే గుహకు నడిచొచ్చారు. దారిలో బోర్డు కనబడింది. కొడుకు పేరుంది కదా అని చదివారు.

లోపలికొచ్చి చివరి వరసలో నిలబడ్డారు. వానగుంట దాటడానికి కూడా అమ్మను పిలిచే తన కొడుకు, తెరమీద సముద్రాన్ని సవాలు చేస్తున్నాడు. రాజుగారి మీసాలు అదిరాయి. తోక నోట్లో కుక్కుకున్నారు. అయినా ఆగలేదు, ఒక నవ్వు బయటపడిపోయింది. అడవిలో ఆయన నవ్వగా విన్నవాళ్ళు అంతవరకూ లేరు. ఆ నవ్వు కప్పిపుచ్చుకోవడానికి వెంటనే గర్జించారు.

"బోర్డు మీద రాసిందెవడు?"

నాగభూషణాన్ని తీసుకొచ్చి నిలబెట్టారు.

"సినిమా చూసే రాశావా?"

"లేదు ప్రభూ, నియమం ప్రకారం చూడలేదు."

"చూడకుండానే నా కొడుకును తిట్టావా?"

"కాదు ప్రభూ, చూశాను."

"అయితే నియమం తప్పావన్నమాట."

నాగభూషణం గంధర్వరావు వైపు చూశాడు. గంధర్వరావు గుహ కప్పు వైపు చూశాడు. కూర్మారావు ఇంకా దారిలోనే ఉన్నాడు.

హాలు మాత్రం నిండింది. కొడుకు ఆనందంతో గాల్లో తేలుతున్నాడు. రాజుగారు తోలు జోలికి పోలేదు. "ఇకమీదట ప్రతి సినిమా ముందు వరసలో కూర్చుని చూడు. మొదటి పేరు నుంచి ఆఖరి పేరు దాకా లేవకూడదు. ఇంటర్వెల్లో కూడా" అని శిక్ష వేశారు. అది విని గంధర్వరావు అక్కడికక్కడే రాజీనామా చేశాడు.

మొదటి శుక్రవారం గట్టెక్కింది. ఇంకొకటి మిగిలింది.

రెండోవారం వచ్చిన సినిమా పేరు 'పుట్ట దారి'. ఒక తేనెటీగ తీసింది. కథ అంటూ పెద్దగా లేదు. ఒక ముసలి చీమ గింజ మోస్తూ దారి తప్పుతుంది. అడిగిన ప్రతివాడూ నమ్మకంగా తప్పుదారే చూపిస్తాడు. ఫైట్లు లేవు, పాట ఒక్కటే.

శిక్ష ప్రకారం నాగభూషణం గురువారం నాడే ఒంటరిగా కూర్చుని చూశాడు. ఆవలిస్తూ మొదలుపెట్టాడు. ఇంటర్వెల్‌కు ఆవలింతలు ఆగాయి. ఆఖర్న చీమ పుట్ట చేరి, గింజ దించి, ఆలస్యమైంది అని ఒక్క మాట అనగానే నాగభూషణం భోరుమన్నాడు. ఇన్నాళ్ళూ దారి అడిగినవాళ్ళకు తనేం చూపించాడో అతనికి అప్పుడు తెలిసొచ్చింది.

సరాసరి బోర్డు దగ్గరికెళ్ళి రాశాడు. 'నేను చూశాను. నిజంగా చూశాను. మీరూ చూడండి. ఐదు నక్షత్రాలు.' పుట్టి బుద్ధెరిగాక అతను రాసిన మొదటి నిజం అది.

శుక్రవారం పొద్దున గజలక్ష్మి అటుగా వచ్చింది. బోర్డు చదివి తొండం ఆడించింది. "ఐదా? పాపం, ఎంత ఘోరంగా ఉందో" అని ఇంటిదారి పట్టింది. వెనక వస్తున్న దుప్పులూ తిరిగిపోయాయి. పందులు షామియానా గుంజలు పాతడం మొదలుపెట్టాయి.

భద్రయ్య తడిగుడ్డ పట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు. "నాగభూషణం గారూ, ఎంత పని చేశారండీ. తుడిచేద్దాం."

"తుడవనయ్యా. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి నిజం రాశాను. దాన్నీ చెరిపెయ్యమంటావా?"

"నిజమేనండి, నేనూ చూశాను కదా. నాకూ ఏడుపాగలేదు. కానీ ఆ చీమను ఎవరూ చూడకుండానే రేపటికి ఇక్కడ పెళ్ళి భోజనాలు."

నాగభూషణం తను రాసింది ఇంకోసారి చదువుకున్నాడు. తర్వాత గుడ్డ తీసుకుని తన అక్షరాలు తనే తుడిచాడు. బొగ్గుతో మళ్ళీ రాశాడు. 'ఒక చీమ నడుస్తుంది. అంతే. ఇంత నస జన్మలో చూడలేదు. ముప్పావు నక్షత్రం.' ఆ ముప్పావు రాసేటప్పుడు బొగ్గు రెండుసార్లు విరిగింది.

మధ్యాహ్నానికి హాలు నిండిపోయింది. జిరాఫీ తలకు కూడా చోటు దొరకలేదు. ఆట మొదలైన పది నిమిషాలకు ఏనుగూ ఎలుకా ఒకేసారి నోరు మూసుకున్నాయి. ఆఖర్న గజలక్ష్మి ఏడ్చిన ఏడుపుకి ముందు మూడు వరసలూ తడిసిపోయాయి. తలుపు దగ్గర పందులు ఒకదాన్నొకటి పట్టుకుని వెక్కుతూ, గుంజలు పీకేసుకుని వెళ్ళిపోయాయి.

బయటికొస్తూ గజలక్ష్మి కళ్ళు తుడుచుకుంది. "ఇంత మంచి సినిమాను తిట్టడానికి ఆ నాగభూషణానికి నోరెలా వచ్చిందన్నయ్యా? వాడికసలు మనసన్నది ఉందా?"

భద్రయ్య ఏదో చెప్పబోయాడు. రెండోసారి చూడ్డానికొచ్చి ముందు వరసలో తడిసి ముద్దయి కూర్చున్న నాగభూషణం వద్దన్నట్టు చెయ్యూపాడు. ఆఖరి పేరు పడేదాకా లేవకూడదు కదా.

నీతి: మంచి సినిమా నాలుగు రోజులు ఆడాలంటే, మెచ్చుకోవడానికి వందమంది అక్కర్లేదు, పేరుమోసిన అబద్ధాలకోరు ఒక్కడు ఏడ్చుకుంటూ తిడితే చాలు.