పదిహేను రోజుల్లో నింపి ఇవ్వవలెను

గాలిలోకి జరిపిన పోలీసు కాల్పుల్లో వీర్రాఘవులు పోయిన పదమూడో రోజున, అతనికి తగిలిన పిస్తోలు తూటా తాలూకు ఖాళీ డొప్ప అతని భార్య మరిడమ్మకి రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది. మందు కూరి, కొత్త గుండు బిగించి, పదిహేను రోజుల్లో తిరిగి అప్పగించవలెనని జతచేసిన కాగితంలో ఉంది. ఉప్పలరేవులో ఇదేమీ వింత కాదు. డొప్ప సర్కారు ఆస్తి, అందులోని గుండుని వాడుకున్నది వీర్రాఘవులు. వాడుకున్నవాళ్ళే భర్తీ చెయ్యాలన్న నియమాన్ని తప్పుపట్టిన లాయర్లు ఇద్దరున్నారు. వాళ్ళ ఇళ్ళకీ చెరో డొప్ప వచ్చింది.

మందూ గుండూ పొట్లం కట్టి కవర్లోనే పంపారు. పనిముట్లు మాత్రం ఎవరివి వాళ్ళే కొనుక్కోవాలి. ఇనప సామాను కొట్టు సూరిశెట్టి బల్ల మీద రెండు రకాలు పెట్టాడు. ఒకటి చేతి సామాను: చిన్న గరిటె, గరాటు, కర్ర సుత్తి, దిమ్మ. రెండోది బల్లకి బిగించి మీట లాగే మిషను.

"ఒక్క డొప్పే గదమ్మా, చేతి సామాను చాలు. నిదానంగా చేసుకోవచ్చు. మిషను పెద్ద కుటుంబాలకి," అన్నాడు. ఎక్కువ ధరది అంటగట్టే మనిషి కాదతను. "మీకెంతమంది పిల్లలు?"

"ఒక్కతే అమ్మాయండి."

"మీటింగులకి వెళ్తాదా?"

మరిడమ్మ చేతి సామాను సంచిలో వేసుకుంది.

అమ్మాయి లోవకుమారి వెళ్తుంది. ఉప్పు మడులు ఫ్యాక్టరీకి ఇచ్చేది లేదంటూ, తండ్రి పడిపోయిన చోటే సోమవారం మళ్ళీ మీటింగు. డొప్పల గడువు ఆదివారం. సోమవారం బందోబస్తుకి సరుకు కావాలని స్టేషన్ గుమస్తా ఏ దాపరికమూ లేకుండా చెప్పాడు.

"అమ్మా, మందు బదులు ఉప్పు పోసెయ్యి. మనింట్లో లేందేముంది?" అంది లోవకుమారి.

"పేలకపోతేనో?"

"పేలకూడదనే గదే!"

ఇక్కడొక చిక్కుంది. నింపినవాళ్ళ పేరు డొప్ప మీద చెక్కుతారు. పేలని డొప్ప ఎవరి పేరున తేలితే, పోలీసుని నిరాయుధుణ్ణి చేశారని వాళ్ళ మీద కేసు పెడతారు. చావు సర్టిఫికెట్టూ ఆపేస్తారు. అది లేకపోతే వీర్రాఘవులు, ఆ రోజు మీటింగుకి వచ్చినందుకు పెట్టిన దొమ్మీ కేసు వాయిదాలకి హాజరవుతూనే ఉండాలి. ఇప్పటికే రెండు వాయిదాలు ఎగ్గొట్టాడని అతని మీద వారంటు సిద్ధంగా ఉంది.

శనివారం మధ్యాహ్నం మరిడమ్మ గరిటెతో ఉప్పు తీసింది. తీసి, అలాగే పట్టుకు కూచుంది. పిల్ల గుర్తొస్తే గరిటె డొప్ప దగ్గరికి తెచ్చింది, వారంటు గుర్తొస్తే వెనక్కి తీసింది. పక్కింట్లోంచి సుత్తి చప్పుడు వినిపించింది. గంగాభవాని, తమ్ముడికి తగిలిన తూటా డొప్ప నింపుకుంటోంది. ఊళ్ళో మొత్తం పదకొండిళ్ళకి వచ్చాయి. పదకొండింట్లో తనది ఒక్కటే. ఆ ఒక్కటే వెతుక్కుంటూ వచ్చి తన పిల్లకే తగులుతుందా? అలా అనుకున్నాక కాస్త ధైర్యం వచ్చింది. ఉప్పు డబ్బాలో పోసేసి మందు కూరింది. మిగతా పదిళ్ళలోనూ సరిగ్గా ఇలాగే అనుకున్నారు.

సోమవారం పదకొండూ పేలాయి, అన్నీ గాలిలోకే. లోవకుమారి చెప్పులు పోగొట్టుకుని, మోకాలు గీరుకుపోయి ఇంటికొచ్చింది. మరిడమ్మ పిల్లని కావలించుకుని బావురుమంది. అంత సంతోషం ఆమె పెళ్ళినాడు కూడా ఎరగదు. గంగాభవాని కొడుకు పోసిబాబు తిరిగి రాలేదన్న కబురు తరవాత తెలిసింది. వెళ్ళి పలకరించి వచ్చింది.

రెండు వారాలకి గంగాభవాని వచ్చి అరచెయ్యి తెరిచింది. అందులో డొప్ప ఉంది. దాని మీద మరిడమ్మ పేరుంది.

మరిడమ్మ ఆ అరచేతిని తన రెండు చేతులతో మూసేసింది. "వదినా, నేను... నాకు తెలీదొదినా," అంది.

"నీ తప్పేముంది? అందరం నింపాం గదా. నువ్వు కొలత సరిగ్గా వేశావంట. మావోడు ఎక్కువసేపు బాధపడలేదని డాక్టరు గారన్నారు." గంగాభవాని డొప్పని మరిడమ్మ చేతిలో పెట్టింది. "నాకు ఈసారి కొలత కుదరడం లేదొదినా. ఇది నువ్వే నింపిపెట్టు. ఈసారి పదిహేను రోజులు లేవంట, గురువారం కల్లా ఇవ్వాలంట, శుక్రవారం మళ్ళీ మీటింగంట."

పెరట్లో లోవకుమారి ఆ మీటింగు పోస్టర్లకి మైదాపిండి జిగురు కాస్తోంది. మరిడమ్మ అటు ఒకసారి చూసి, సామాను దింపి పీట వేసుకుంది. గరిటె నిండా మందు తీసి, వేలితో పైన సమం చేసింది. రవ్వంత కూడా తగ్గనివ్వలేదు. ఒకరి పని ఒప్పుకున్నాక మాట రాకూడదు కదా.